జెండా కర్ర ఒక్కటే మనదా?

కాలేజీలు తెరిచారంటే విద్యార్థి సంఘాల వాళ్ళు మన హాస్టళ్ళ గుమ్మాల్లోకి వస్తారు. చేతిలో సభ్యత్వం పుస్తకం, భుజాన సంచి. స్కాలర్‌షిప్పుల మాట చెబుతారు, మెస్ ఛార్జీల మాట చెబుతారు, మతోన్మాదం మాట చెబుతారు. చెప్పేవన్నీ నిజాలే. మన పిల్లలు రశీదు తీసుకుంటారు. ఊరేగింపుకి వెళతారు. కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చుంటారు. ముందు వరసలో ఉన్నది వాళ్ళే కాబట్టి లాఠీ దెబ్బ కూడా ముందు వాళ్ళకే పడుతుంది. ఆ తర్వాత మహాసభలు జరుగుతాయి. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అని పేపర్లో చూసేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఆ ఇంటిపేర్లు మన పేటలవి కావు. ఇప్పుడు కొంత మారింది, కాదనం. మన పేర్లు కూడా అక్కడక్కడా కనబడుతున్నాయి. కానీ తీర్మానం రాసే కలం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకా తేలలేదు.

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తుతున్నామంటే, అభ్యుదయ విద్యార్థి సంఘాలన్నీ జాతీయ స్థాయిలో ఒక్క గొడుగు కిందకి రావాలని గట్టిగా ప్రయత్నం జరుగుతోంది. 2024 జనవరి 12న ఢిల్లీలో 16 విద్యార్థి సంఘాలు ‘యునైటెడ్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా’ పేరుతో, కొత్త జాతీయ విద్యా విధానం వద్దంటూ ప్రదర్శన చేశాయి. ఎస్.ఎఫ్.ఐ., ఎ.ఐ.ఎస్.ఎఫ్., ఐసా లాంటి పాత జెండాలన్నీ అందులో ఉన్నాయి. ఒకరినొకరు తిట్టుకునే వాళ్ళు ఒక తాటి మీదకి రావడం సంతోషమే. ఆ విద్యా విధానం మన పిల్లల మీద మోపే బరువు తక్కువేం కాదు. అయితే ఆ గొడుగు కింద మనం నిలబడేది ఎక్కడ? గొడుగు నీడలోనా, చూరు నీళ్ళు కారే చోటా? ఇది అడిగితే ఐక్యతకి అడ్డం పడుతున్నారంటారు. అయినా అడగాల్సిందే.

కొంచెం వెనక్కి వెళదాం. మన దేశంలో విద్యార్థులకి అఖిల భారత సంఘమంటూ గట్టిగా నిలబడింది 1936 ఆగస్టు 12న, లక్నోలో. ఎ.ఐ.ఎస్.ఎఫ్. అంటే అదే. నెహ్రూ ప్రారంభించారు, జిన్నా అధ్యక్షత వహించారు. తెల్లోడిని వెళ్ళగొట్టడానికి చదువుకున్న కుర్రాళ్ళంతా ఒకటయ్యారు. అదే 1936లో, దానికి కొద్ది నెలల ముందే ఇంకో సంగతి జరిగింది. లాహోరులో జాత్‌పాత్ తోడక్ మండల్ అని ఒక సంఘం ఉండేది. కులాన్ని తెంచుతామని పేరులోనే పెట్టుకున్న పెద్దమనుషులు వాళ్ళు. మా వార్షిక సభకి అధ్యక్షత వహించండని బాబాసాహెబుని పిలిచారు. ఆయన రాసి పంపిన ఉపన్యాసం చూసి కంగారు పడ్డారు. శాస్త్రాల జోలికి ఇంతగా పోవద్దు, అక్కడా ఇక్కడా కాస్త తీసేయమన్నారు. ఒక్క అక్షరం మార్చేది లేదన్నారాయన. వాళ్ళు సభే రద్దు చేసుకున్నారు. ఆయన తన డబ్బుతో ఆ ఉపన్యాసాన్ని అచ్చేయించుకున్నారు. అదే ‘కుల నిర్మూలన’.

ఉదారవాదులతో మన లెక్క అప్పట్నుంచీ ఇలాగే నడుస్తోంది. పిలుస్తారు, కుర్చీ వేస్తారు, దండ కూడా వేస్తారు. మన మాట వాళ్ళ గడప దాటి వంటింటి దాకా పోతే మాత్రం సభ రద్దు.

1970 డిసెంబరులో తిరువనంతపురంలో ఎస్.ఎఫ్.ఐ. పుట్టింది. తెల్ల జెండా మీద ఎర్ర నక్షత్రం. స్వాతంత్ర్యం, ప్రజాస్వామ్యం, సోషలిజం అని మూడు మాటలు. మంచి మాటలే, కానీ ఆ మూడింట్లో కులం లేదు. 1972 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేద్కర్ జయంతి నాడే, ఉస్మానియాలో జార్జిరెడ్డిని పొడిచి చంపారు. ఆ నెత్తుటి చాళ్ళలోంచి పి.డి.ఎస్.యు. లేచింది. వెనకే ఆర్.ఎస్.యు. వచ్చి విద్యార్థుల్ని పల్లెలకి పొమ్మంది. పోయిన వాళ్ళలో ఎంతమంది తిరిగి రాలేదో తల్లులకి తెలుసు. ఈ సంఘాలకి మనం బాకీ ఉన్నాం, ఆ సంగతి దాచం. హాస్టలు అన్నంలో పురుగులొస్తే ధర్నాకి కూర్చుంది వాళ్ళు, స్కాలర్‌షిప్పు పెంచమని బస్సులాపింది వాళ్ళు. కానీ కులం మాట ఎత్తితే ‘అది ఉపరితలం తమ్ముడూ, పునాది మారితే అదే రాలిపోద్ది’ అని కూర్చోబెట్టేవారు. పునాది ఎప్పుడు మారుతుందో చెప్పిన వాడు లేడు. ఈలోగా 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు.

కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసి బయటికొచ్చిన బొజ్జా తారకం గారు మన కోనసీమ బిడ్డ. ఆయన తండ్రి అప్పలస్వామి గారు ఈ లంకల్లో, ఈ కాలవ గట్ల మీద షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా మోసిన మనిషి. బాబాసాహెబు 1942లో నాగపూరులో పెట్టిన ఆ ఫెడరేషన్‌కి తోడుగా 1940ల్లోనే దళిత విద్యార్థుల ఫెడరేషన్ కూడా నడిచింది. అంటే మన విద్యార్థులకి దేశమంతా అల్లుకున్న సొంత సంఘం అన్న ఆలోచన నిన్నా మొన్నా పుట్టింది కాదు. మధ్యలో తెగిపోయిన తాడు అది.

ఆ తాడుని మళ్ళీ పేనింది హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో. 1990 ఆగస్టులో మండల్ సిఫార్సులు అమలు చేస్తామనగానే అగ్రకులాల పిల్లలు వీధుల్లో చీపుర్లు పట్టారు, బూట్లకి పాలిష్ వేశారు. అది వాళ్ళ నిరసనట! మన తాతముత్తాతలు రోజూ చేసిన పని వాళ్ళు ఒక్కపూట చేస్తే దేశానికి అవమానం జరిగిపోయింది. ఆ రోజుల్లో అభ్యుదయం మాట్లాడే స్నేహితులెందరు నోరు మెదిపారో, ఎందరు మెస్సులో వేరే బల్ల చూసుకున్నారో అప్పుడు చదువుకున్న మనోళ్ళకి గుర్తే. 1993లో అక్కడ అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఎ.ఎస్.ఎ. ఎవరి పార్టీకీ తోక కాదు. సీట్లలో రోస్టరు పాటించారా, పాఠం చెప్పే వాళ్ళలో మనోళ్ళెంతమంది, వైవాలో మార్కులెందుకు కోశారు అని అడగడం మొదలెట్టారు. అడిగితే ఏమవుతుందో కూడా చూశారు. 2002 జనవరిలో ఆ యూనివర్సిటీ 10 మంది దళిత విద్యార్థుల్ని ఒక్క దెబ్బకి బహిష్కరించింది.

రోహిత్ వేముల కథ మీ అందరికీ తెలుసు. కానీ మన విషయానికి పనికొచ్చే ఒక సంగతి అందులో ఉంది. రోహిత్ మొదట ఎస్.ఎఫ్.ఐ.లో పనిచేశాడు. అక్కణ్ణించి బయటికొచ్చి ఎ.ఎస్.ఎ.లో చేరాడు. కులం గురించి అక్కడ అడగలేని ప్రశ్నలు ఇక్కడ అడిగాడు. 2015 ఆగస్టులో ఎ.బి.వి.పి. నాయకుడితో గొడవ, కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ ఢిల్లీకి రాసిన ఉత్తరం, అయిదుగురి మీద వేటు, నెలల తరబడి ఆగిపోయిన రోహిత్ ఫెలోషిప్పు డబ్బు, ఆఖరికి హాస్టలు నుంచి వెళ్ళగొట్టడం. గదికి తాళం పడ్డాక ఆ అయిదుగురూ యూనివర్సిటీ లోపలే టెంటు వేసుకుని, బాబాసాహెబు బొమ్మ పెట్టుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఊరికి దూరంగా మన తాతలకి చూపించిన చోటు పేరు అది. పిహెచ్.డి. దాకా చదివినా మళ్ళీ అక్కడికే చేర్చారు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు. చనిపోయిన ఎనిమిదేళ్ళకి, 2024 మేలో, అసలతను ఎస్సీయే కాదని పోలీసులు హైకోర్టుకి నివేదిక ఇచ్చారు. గోల పుట్టాక మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు. మనోడు చచ్చినా కుల సర్టిఫికెట్టు చూపించాల్సిందే కాబోలు!

ఆ చావు తర్వాత దేశంలో విద్యార్థులు కదిలిన తీరు మేం మరిచిపోలేం. 2016 ఫిబ్రవరి 23న ఢిల్లీలో అంబేద్కర్ భవన్ నుంచి జంతర్‌మంతర్ దాకా నడిచిన వాళ్ళలో నీలం జెండాలూ ఉన్నాయి, ఎర్ర జెండాలూ ఉన్నాయి. అప్పటికే జె.ఎన్.యు.లో 2014లో బాప్సా అని బిర్సా, అంబేద్కర్, ఫూలేల పేరున సంఘం వచ్చి ఉంది. మద్రాసు ఐ.ఐ.టి.లో అదే ఏడు పెట్టుకున్న అంబేద్కర్-పెరియార్ స్టడీ సర్కిల్‌ గుర్తింపుని 2015 మేలో పీకేసి, నలుమూలల నుంచి తిట్లు పడ్డాక జూన్‌లో మళ్ళీ ఇచ్చారు. ఒక్కో చోట ఒక్కో సంఘం, ఎక్కడికక్కడ పుట్టినవే. వీటికి ఢిల్లీలో ఆఫీసు ఉండి, అక్కడ నుంచి శాఖలు పెట్టుకుంటూ రాలేదు. మనకి నచ్చేది అదే. బలహీనత కూడా అదే. ఒక చోట దెబ్బ పడితే మిగిలిన చోట్లకి కబురు చేరేసరికి కేసు కట్టేసి ఉంటుంది.

అభ్యుదయ సంఘాలతో కలవాలా వద్దా అన్న ప్రశ్నకి ఆ హైదరాబాదు యూనివర్సిటీయే సగం జవాబు చెప్పింది. 2019లో, మళ్ళీ 2023లో ఎ.ఎస్.ఎ., ఎస్.ఎఫ్.ఐ. చేయి కలిపి యూనియన్ ఎన్నికలు గెలిచాయి. 2025 సెప్టెంబరులో ఎ.బి.వి.పి. గెలిచింది. మనోళ్ళు విడిగా సంఘం కట్టుకున్నారు కాబట్టే వాళ్ళు ఎదురుగా కూర్చుని సీట్లు మాట్లాడుకున్నారు. సంఘం లేకపోతే మాట్లాడుకోవడమన్నది ఉండేదే కాదు, పోస్టర్లు అంటించడానికి మాత్రం పిలిచేవారు. విడిగా ఉండటం, కలిసి పోరాడటం ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని ఎవరన్నా చెబితే నమ్మొద్దు.

ఇది మన దేశపు గోలే అనుకోనక్కర్లేదు. అమెరికాలో 1947లో నేషనల్ స్టూడెంట్ అసోసియేషన్ అని పెట్టారు. వందల కాలేజీల విద్యార్థి సంఘాలకి అది పెద్ద గొడుగు. స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, నల్లవాళ్ళ హక్కులు అన్నీ మాట్లాడేది. 1967లో ఒక పత్రిక గుట్టు రట్టు చేసింది. ఆ సంఘానికి ఏళ్ళ తరబడి లోపాయికారీగా డబ్బిచ్చింది అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. అని తేలింది. కింద సంఘాల్లో పనిచేసే పిల్లలకి ఆ సంగతే తెలీదు! పై గొడుగుకి డబ్బెక్కడిదో కింద తడిసే వాడికి తెలియాలి కదా. నల్ల విద్యార్థులు ఆ గొడుగు కోసం కాచుకుని కూర్చోలేదు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అనే ఊళ్ళో నలుగురు నల్ల కుర్రాళ్ళు, తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే బల్ల దగ్గర కూర్చుని లేవలేదు. టీ కొట్లో రెండు గ్లాసులు చూసిన మనకి ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ నెలకి అలాంటి కుర్రాళ్ళంతా ఒకచోట కలిశారు. ఎల్లా బేకర్ అనే పెద్దావిడ వాళ్ళకి ఒక్క సలహా ఇచ్చింది: పెద్దల సంఘాలకి అనుబంధం కావద్దు, మీ సంఘం మీరే నడుపుకోండి అని. అలా పుట్టిన ఎస్.ఎన్.సి.సి.లోకి తెల్ల విద్యార్థులు కూడా వచ్చి పనిచేశారు. పగ్గాలు నల్ల పిల్లల చేతిలో ఉన్నాయి.

ఇక మన ఇంటికి వద్దాం. హైదరాబాదులో, ఢిల్లీలో జరిగింది సరే, అమలాపురంలో ఏముంది? రాజోలులో, కొత్తపేటలో ఏముంది? మన పిల్లల్లో పిహెచ్.డి. దాకా వెళ్ళేది వేళ్ళ మీద లెక్కబెట్టేంత మంది. మిగిలిన వాళ్ళంతా ఇక్కడి డిగ్రీ కాలేజీల్లో, పాలిటెక్నిక్కుల్లో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచే ఇంజనీరింగు కాలేజీల్లో ఉన్నారు. సర్కారు డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇవ్వమంటారు. హాల్ టికెట్టు ఆపుతారు. కువైట్‌లోనో మస్కట్‌లోనో పరాయి ఇంట్లో గిన్నెలు తోముతున్న తల్లి ఫోను చేసి ‘కట్టేయమ్మా, పంపుతాను’ అంటుంది. కొబ్బరి దింపుకెళ్ళే తండ్రి వడ్డీకి తెస్తాడు. ఈ సర్టిఫికెట్ల దోపిడీ మీద దేశమంతా ఒక్క రోజు కాలేజీలు ఆగితే ఎలా ఉంటుంది? జాతీయ సంఘం అంటే మాకు తెలిసిన అర్థం అది. యూనివర్సిటీలో నాటకాల పండగ, గోడ మీద బొమ్మలు మాకూ ఇష్టమే, కానీ అవి తర్వాత.

పైగా మన రాష్ట్రంలో కాలేజీ యూనియన్ ఎన్నికలు లేక ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. సెంట్రల్ యూనివర్సిటీ పిల్లోడు ఓటు వేసి నాయకుణ్ణి ఎన్నుకుంటాడు. అమలాపురం పిల్లోడికి ఆ రుచే తెలీదు. ఎన్నికలు లేని చోట కులసంఘాలు, సినిమా అభిమాన సంఘాలు పెరిగాయి. అది ఎక్కడికి పోయిందో 2022 మే 24న చూశాం. జిల్లాకి బాబాసాహెబు పేరు పెడతామంటే అమలాపురం తగలబడింది. మంత్రి విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు కాల్చారు. ఒకరు దళితుడు, ఇంకొకరు వెనకబడిన కులం వారు. రాళ్ళు పట్టుకున్న వాళ్ళలో చదువుకునే వయసు కుర్రాళ్ళు కొల్లలు. మన పిల్లల పక్కన బల్ల మీద కూర్చునే వాళ్ళే వాళ్ళు, ఒకే బస్సులో వచ్చే వాళ్ళే. ఆ కుర్రాళ్ళతో కులం గురించి ఎవరు ఎప్పుడు మాట్లాడారు? ఇది మనం మాత్రమే చేయాల్సిన పని కాదు. కాపుల పిల్లల దగ్గరికి, శెట్టిబలిజల పిల్లల దగ్గరికి వెళ్ళి చెప్పాల్సిన బాధ్యత అభ్యుదయ సంఘాలది. మా పేటకొచ్చి మాకు కులం చెడ్డదని చెప్పక్కర్లేదు. అది మాకు తెలుసు.

పేటల్లో తల్లిదండ్రులు అనే మాట ఒకటుంది. ‘సంఘాల జోలికి పోకురా అబ్బాయ్, చదువుకుని ఉద్యోగం తెచ్చుకో.’ ఈ మాటని మేం తేలిగ్గా కొట్టిపారేయం. ఒక్క కేసు పడితే పోలీసు వెరిఫికేషన్ పోతుంది, పాస్‌పోర్టు పోతుంది, గల్ఫ్ దారి కూడా మూసుకుపోతుంది. అగ్రకులాల పిల్లోడి మీద కేసు పడితే నాయకుడవుతాడు, మన పిల్లోడి మీద పడితే మూడు తరాల చదువు ఆగుతుంది. కాబట్టి మా మాట తల్లిదండ్రులకి కాదు, సంఘాల వాళ్ళకే ముందు చెబుతున్నాం. మా పిల్లల్ని రోడ్డెక్కించే ముందు వకీలు ఎవరో చెప్పండి. కేసు నడిచినన్నాళ్ళు ఎవరు తిరుగుతారో చెప్పండి. అది చెప్పలేని సంఘానికి మా పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టే హక్కు లేదు. కానీ అమ్మలారా, అయ్యలారా, సంఘం లేకుండా ఒంటరిగా ఉన్న పిల్లోడు క్షేమంగా ఉన్నాడని మాత్రం అనుకోకండి. ఒంటరి పిల్లల్ని గదుల్లో ఏం చేస్తున్నారో చూస్తూనే ఉన్నాం. 2012లోనే యు.జి.సి. వివక్షకి వ్యతిరేకంగా నిబంధనలు పెట్టింది, అవి కాగితం మీద పడున్నాయి. అమలు చేయించమని 2019లో ఇద్దరు తల్లులు, రాధిక వేముల, ఆబేదా తడ్వీ, సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2026 జనవరిలో కొత్త నిబంధనలొస్తే మెరిట్ పిల్లలు మళ్ళీ వీధుల్లోకొచ్చారు, ఆ నెలలోనే కోర్టు వాటిని నిలిపేసింది. మండల్ నాటి చీపుర్లు ఇంకా అరగలేదు.

జాతీయ మహాసభల తీరు గురించి కూడా ఒక మాట. అక్కడ మాట్లాడేది ఇంగ్లీషులో, లేదంటే హిందీలో. రాజోలు నుంచి వెళ్ళిన పిల్ల మూడు రోజులు కూర్చుని, చప్పట్లు కొట్టి, తీర్మానం కాపీ చేతిలో పట్టుకుని వెనక్కి వస్తుంది. ఏం జరిగిందంటే ‘బాగా జరిగిందండి’ అంటుంది. అర్థమైన మాట చెప్పడానికి ఏమీ లేదు. మన భాషలో మాట్లాడనివ్వాలి, పక్కన ఒకరు తర్జుమా చెయ్యాలి. రైలు ఖర్చు సంఘం పెట్టుకోవాలి. ఇవి చిన్న విషయాలని నవ్వేవాడికి టిక్కెట్టు ఇంట్లో వాళ్ళు కొనిచ్చి ఉంటారు.

వాళ్ళని ఇన్ని అడిగాక మన లోపలి లెక్క దాచుకుంటే తప్పు. కోనసీమలో మాలలం ఎక్కువ. 1994లో దండోరా వేసినప్పటినుంచి మాదిగ సోదరులు అడుగుతున్న వాటా న్యాయం. వర్గీకరణ చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద హాస్టళ్ళలో పిల్లలు మాట్లాడుకోవడం మానేశారంటే మనం సిగ్గుపడాలి. అగ్రకులాల వాడు మనల్ని పోస్టర్లకి పిలిచినట్టు, మనం మాదిగ పిల్లల్ని, రెల్లి పిల్లల్ని పిలిస్తే, ఈ సంపాదకీయంలో మొదట్నుంచీ రాసిందంతా మనకే తగులుతుంది. ఆడపిల్లల సంగతీ అంతే. డిగ్రీ తరగతుల్లో మన ఆడపిల్లలు బాగా చదువుతున్నారు, సంఘం మీటింగులో టీ కప్పులు అందిస్తున్నారు.

చేయాల్సింది ఇది. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ప్రతి సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో, ప్రతి డిగ్రీ కాలేజీలో మన పిల్లలు సొంతంగా ఒక కమిటీ వేసుకోవాలి. కమిటీలో సగం ఆడపిల్లలుండాలి, మాదిగ పిల్లలు పదవుల్లో ఉండాలి. ఇప్పటికే ఎస్.ఎఫ్.ఐ.లోనో పి.డి.ఎస్.యు.లోనో ఉన్న పిల్లల్ని బయటికి రమ్మనం. అక్కడే ఉండి ఇక్కడా ఉండొచ్చు, అక్కడ కలం అడగడానికి ఇక్కడి కమిటీ బలమవుతుంది. జాతీయ గొడుగు వాళ్ళు పిలిస్తే కమిటీగా వెళ్ళాలి, విడి మనుషులుగా వెళ్ళొద్దు. పత్రాలు తెలుగులో అడగాలి, లెక్కలు చూపించమనాలి, కులం గురించి తీర్మానం మొదటి రోజునే పెట్టమనాలి. మొదటి రోజు కుదరదు, ఆఖరి రోజు సాయంత్రం చూద్దామంటే అక్కడే లేచి రైలెక్కండి.

మీ పేటలో ఇంటర్ దాటి చదివే పిల్లలెందరు, ఏ కాలేజీ, ఎవరి సర్టిఫికెట్టు ఎక్కడ ఆగి ఉంది, ఒక కాగితం మీద రాసి ఈ పత్రిక తెచ్చిచ్చే కార్యకర్తకి ఇవ్వండి. కట్టిన ఫీజు రశీదులుంటే జిరాక్సు జత చెయ్యండి. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి.